ప్రాచీన చరిత్ర తొలిపాఠం, కరిసల్ సీమ తెలుగు విద్యార్థి

డిగ్రీలో చరిత్ర చదివేవారికి మొట్టమొదట ఎదురయ్యే పేపరు సాధారణంగా ప్రాచీన భారతదేశ చరిత్ర. సింధు నాగరికత, వేదకాలం, బౌద్ధ జైనాలు, మౌర్యులు, శాతవాహనులు, సంగం యుగం, గుప్తులు, హర్షుడు, పల్లవులు అనే ఈ వరుసలో పెద్ద మార్పు ఎక్కడా కనిపించదు. చాలామంది విద్యార్థులు దీన్ని పరీక్ష గట్టెక్కడానికి చదివి మరిచిపోతారు. అందులో వింత లేదు. అయితే తమిళనాడు దక్షిణాన కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతాలలో ఇంట తెలుగు మాట్లాడుతూ, తరగతిలో తమిళంలోనో ఇంగ్లీషులోనో ఈ పాఠం వినే విద్యార్థుల విషయం వేరు. వారి మనస్సులో ఈ పాఠం ఒక ప్రశ్న రేపుతుంది: ఇందులో మావాళ్లు ఎక్కడ? ఆ ప్రశ్నకు పాఠం ఇస్తున్న సమాధానం ఏమిటి, ఇవ్వవలసిన సమాధానం ఏమిటి అని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. మా విమర్శ ఏ ఒక్క కళాశాలను గాని, అధ్యాపకుణ్ణి గాని ఉద్దేశించినది కాదు. తొలిపాఠం అమరికకు సంబంధించినది.

ముందు సీమను గురించి రెండు మాటలు. మదురై నుంచి తిరునెల్వేలికి పోయే రైలుమార్గం మీద విరుదునగర్, సాత్తూరు, కోవిల్‌పట్టి వరుసగా వస్తాయి. విరుదుపట్టి అన్న ఊరు 1923లో విరుదునగర్ అయింది. కోవిల్‌పట్టి తూత్తుక్కుడి జిల్లాలోనిది. చుట్టూ నల్లరేగడి నేల. తమిళులు కరిసల్ అంటారు. పత్తి, అగ్గిపెట్టెలు, వేరుసెనగ మిఠాయి ఈ సీమ బతుకుతెరువులు. కమ్మవారు, రెడ్లు, బలిజలు, రాజకంబళంవారు, అరుంధతీయులు ఈ నేలమీద తరతరాలుగా ఇళ్లలో తెలుగు మాట్లాడుతున్నారు. ఎట్టయపురం, పాంచాలంకురిచ్చి పాళెగాళ్ల ఇంటిభాష తెలుగే. విరుదునగర్‌లో 1947లో సెంతికుమార నాడార్ కళాశాల, 1962లో వన్నియపెరుమాళ్ మహిళా కళాశాల, కోవిల్‌పట్టిలో 1966లో వెంకటస్వామి నాయుడు కళాశాల ఏర్పడ్డాక పల్లెల పిల్లలకు ఉన్నతవిద్య దగ్గరైంది. వారిలో చాలామందికి తెలుగు నోట ఉంది, చేత లేదు. మాట్లాడతారు, చదవలేరు.

ఇటువంటి విద్యార్థి చేతికి పాఠ్యపుస్తకం వచ్చినప్పుడు తనవారిని వెతుక్కోవడానికి రెండు చోట్లు కనిపిస్తాయి. ఒకటి శాతవాహనుల అధ్యాయం. అక్కడ ‘ఆంధ్ర’ అన్న మాట ఉంది. రెండవది సంగం యుగం. అక్కడ తన ఊరి చుట్టుపక్కల నేల ఉంది. మొదటి చోట పేరు తనది, నేల తనది కాదు. రెండవ చోట నేల తనది, భాష తనది కాదు. పైగా సంగం కవితలలో ‘వడుగర్’ అనే మాట తగులుతుంది. వేంగడం కొండలకు ఆవల ఉండే, వేరే భాష మాట్లాడే ఉత్తరాదివారు అని దాని అర్థం. నేటి తమిళనాడులో వెనుకబడిన తరగతుల జాబితాలోను వడుగర్ అన్న పేరు ఉంది. తనకు తెలిసినవారి ధ్రువపత్రంలోని మాట రెండువేల ఏళ్లనాటి కవితలో కనబడితే ఏ విద్యార్థి అయినా ఒక్క క్షణం ఆగుతాడు. ఆగిన చోట పాఠం అతడికి తోడు నిలవదు. తరువాతి యూనిట్‌కు వెళ్లిపోతుంది.

ఫలితంగా రెండు పొరపాటు అభిప్రాయాలు వేళ్లూనుకొంటున్నాయి. ప్రాచీన చరిత్రలో మేము లేము గనుక మాకు చరిత్రే లేదు, ఎక్కడినుంచో వచ్చినవాళ్లం అనేది ఒకటి. శాతవాహనులు మావాళ్లు, కాబట్టి మేము మొదటినుంచీ రాజులం అనేది రెండవది. సమావేశాలలో రెండవది గట్టిగా వినిపిస్తుంది. మొదటిది విద్యార్థుల మౌనంలో ఉంటుంది. పైకి ఎదురెదురుగా కనిపించే ఈ రెండు అభిప్రాయాలకూ మూలం ఒక్కటే. చరిత్ర పాఠమంటే పూర్వీకుల పట్టిక అనుకోవడం. పట్టికలో పేరు లేనివాడు దిగులుపడతాడు, ఉందనుకొన్నవాడు గర్వపడతాడు. ఇద్దరూ ఆధారాన్ని చదవరు.

ఆధారాన్ని చదివితే ఏమి తెలుస్తుందో చూద్దాం. కోవిల్‌పట్టి, విరుదునగర్‌ల మీదుగా కన్యాకుమారికి పోయే జాతీయ రహదారే ఉత్తరాన అనంతపురం జిల్లా గుత్తి మీదుగా వస్తుంది. గుత్తికి దాపుననే కర్నూలు జిల్లాలో ఎర్రగుడి ఉంది. అక్కడి బండలమీద అశోకుని శాసనాలు ఉన్నాయి. కాలం క్రీస్తుపూర్వం 3వ శతాబ్ది. వాటిలో 2వ శాసనం చోళులను, పాండ్యులను రాజ్యానికి ఆవలివారుగా పేర్కొంటుంది. 13వ శాసనం ఆంధ్రులను రాజ్యంలోపలివారుగాను, చోళ పాండ్యులను పొరుగువారుగాను చెబుతుంది. అంటే కోవిల్‌పట్టి విద్యార్థి ఉంటున్న నేల ఏలిన పాండ్యుల పేరు తెలుగునేల బండమీద చెక్కి ఉంది; ఆంధ్రుల పేరూ ఆ బండమీదనే ఉంది. ఒక్క శాసనం ఎదుట పెట్టి ఈ సంగతి చెబితే చాలు, రెండు అధ్యాయాల నడుమ ఉన్న గోడ పల్చబడుతుంది. అయితే ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఆ శాసనంలోని ‘ఆంధ్ర’ ఒక జనం పేరు. వారు తెలుగు మాట్లాడేవారని శాసనం చెప్పదు. ఆ సమీకరణం తరువాతి శతాబ్దాలలో స్థిరపడినది.

శాతవాహనుల విషయమూ అంతే. వారిని ఆంధ్రులన్నవి పురాణాలు. వారి శాసనాలలో వారు తమను ఆంధ్రులని చెప్పుకోలేదు. ఆ శాసనాల భాష ప్రాకృతం. వారి తొలి స్థానం పైఠాన్ ప్రాంతమా, తెలుగునేలా అన్న వాదం పాతదే. కరీంనగర్ ప్రాంతపు కోటిలింగాలలో దొరికిన నాణేలు ఆ వాదానికి కొత్త బలం ఇచ్చాయి. వారి వెండి నాణేలకు ఒకవైపు ప్రాకృతం, రెండవవైపు ద్రావిడభాష ఉన్నాయి. ఆ రెండవ భాష తమిళమా, తెలుగుకు పూర్వరూపమా అన్న దానిపై పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు. హాలుని గాథాసప్తశతిలో తెలుగు మాటలున్నాయని మన సాహిత్య చరిత్రలు తప్పక చెబుతాయి. అత్త, పొట్ట అందుకు ఉదాహరణలు. కాని ‘అత్త’కు తమిళంలో ‘అత్తై’ ఉన్నదని కరిసల్ సీమ విద్యార్థికి ఎవరూ చెప్పనక్కరలేదు. ఒక మాట రెండు సోదరభాషలలో ఉన్నప్పుడు, దాని ఆధారంగా ఒక భాష ఉనికిని మాత్రమే రుజువు చేయడం కుదరదు. హైదరాబాదు విద్యార్థికి తోచని ఈ అభ్యంతరం కోవిల్‌పట్టి విద్యార్థికి తోస్తుంది. రెండు భాషల మధ్య పెరగడం చరిత్ర విద్యార్థికి లోటు కాదనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

భాషను గురించి మరొక అపోహ ఉంది. తమిళం తల్లి, తెలుగు బిడ్డ అన్న మాట ఈ ప్రాంతపు తరగతులలో తేలికగా దొర్లుతుంది. 1816లో ఎల్లిస్ దక్షిణాది భాషలను ఒక కుటుంబంగా గుర్తించాడు. 1856లో తిరునెల్వేలి సీమలోనే పనిచేసిన కాల్డ్వెల్ ద్రావిడభాషల తులనాత్మక వ్యాకరణం వెలువరించాడు. ఆ తరువాతి పరిశోధన, ముఖ్యంగా భద్రిరాజు కృష్ణమూర్తిగారి కృషి, తెలుగును దక్షిణ మధ్య ద్రావిడ శాఖలో చేర్చింది. తమిళం దక్షిణ ద్రావిడ శాఖలోనిది. రెండింటికీ మూలం నేడు లేని ఒక భాష. అప్పచెల్లెళ్లను తల్లీబిడ్డలనడం ఇద్దరికీ గౌరవం కాదు. లిపి సంగతికి వస్తే గుంటూరు సీమలోని భట్టిప్రోలు ధాతుకరండాల మీది అక్షరాలు, పాండ్యసీమ గుహలలోని తమిళ బ్రాహ్మి అక్షరాలు పక్కపక్కన పెట్టి చూడదగినవి. అశోకుని బ్రాహ్మిలో హల్లుకు అకారం సహజంగా కలిసి ఉంటుంది. దక్షిణాది భాషలలో అచ్చు లేని హల్లులు మెండు. ఈ చిక్కును రెండుచోట్లా రెండు తీరుల పరిష్కరించుకొన్నారు. భట్టిప్రోలులో అకారానికి ప్రత్యేకమైన గుర్తు పెట్టారు. లేఖకులు ఎదుర్కొన్న సమస్యను ఇలా చూపితే లిపి పాఠం బతుకుతుంది. పేర్లు, తేదీలు మాత్రం ఇస్తే అది మరుసటి రోజుకే చచ్చిపోతుంది.

భట్టిప్రోలు పేరు వచ్చింది గనుక ఇంకొక సంగతి. అక్కడి స్తూపాన్ని 1892లో తవ్విన అలెగ్జాండర్ రే, తరువాత కొద్ది ఏళ్లకే తామ్రపర్ణి ఒడ్డున ఆదిచ్చనల్లూరులో మట్టి కుండల సమాధులను తవ్వాడు. కోవిల్‌పట్టి ఉన్న తూత్తుక్కుడి జిల్లాలోనిదే ఆదిచ్చనల్లూరు. పాండ్యుల ముత్యాల రేవు కొర్కై కూడ ఆ జిల్లాలోనిదే. క్రీస్తుశకం 1వ శతాబ్ది నాటి గ్రీకు నావికగ్రంథం పెరిప్లస్ కొర్కై ముత్యాలను చెప్పి, కొంత దూరం సాగి, కృష్ణాముఖం వైపు మసాలియా సీమలో నేసే సన్నని బట్టలను చెబుతుంది. అదే ఓడ, అదే తీరం. పాఠ్యపుస్తకంలో ఇవి ‘పాండ్యులు’, ‘శాతవాహనులు’ అని వేరువేరు అధ్యాయాలలోకి చీలిపోయాయి.

స్థానిక ఆధారాలకు ఇప్పుడు కొరత లేదు. 2014-15లో కీళడిలో తవ్వకాలు మొదలైన తరువాత తమిళనాడు ప్రభుత్వ పురావస్తుశాఖ అనేక చోట్ల పని సాగించింది. విరుదునగర్ జిల్లాలో వైప్పారు ఒడ్డున వెంబకోట్టైలో 2022లో తవ్వకం మొదలైంది. శంఖు గాజులు, గాజు పూసలు, మట్టిబొమ్మలు బయటపడ్డాయి. తూత్తుక్కుడి జిల్లా శివకళై నమూనాల ఆధారంగా ఇనుము వాడకం క్రీస్తుపూర్వం 4వ సహస్రాబ్ది వరకు వెళుతుందని 2025 జనవరిలో వెలువడిన నివేదిక ప్రకటించింది. దీని మీద చర్చ నడుస్తున్నది. తొలిపాఠం చేయవలసిన పని ఇక్కడే ఉంది. పరీక్షించినది ఇనుమునా, దాని పక్కనున్న బొగ్గునా, కుండపెంకునా? అది ఏ పొరలో ఉంది? మరొక చోట ఇటువంటి కాలం వచ్చిందా? ఈ ప్రశ్నలు అడగడం నేర్చిన విద్యార్థి పత్రికలో వచ్చిన ప్రకటనకు ఉప్పొంగడు, దాన్ని కొట్టిపారేయడు కూడ. దురదృష్టవశాత్తు చాలా పాఠ్యపుస్తకాలలో ‘మూలాధారాలు’ అన్న మొదటి అధ్యాయం శాసనాలు, నాణేలు, విదేశీ యాత్రికులు అని ఒక జాబితాగా మిగిలిపోతున్నది. జాబితాను కంఠస్థం చేసినవాడికి ఆధారాన్ని తూచడం రాదు.

ఇక ఇంటి కథ సంగతి. ఈ సీమ తెలుగు ఇళ్లలో వలసకథ ఒకటి చెబుతారు. ఉత్తరాన ఒక తురక ప్రభువు తమ ఆడపిల్లను కోరాడు. రాత్రికి రాత్రి బయలుదేరారు. నది అడ్డం వచ్చింది. ఒడ్డున చెట్టు వంగి దాటించింది. రాజకంబళంవారి కథలో అది కానుగ చెట్టు. అందుకే వారికి కానుగ పూజ్యం. ఈ కథ మెకంజీ సేకరించిన వ్రాతప్రతులలో ఉంది. 1909లో థర్‌స్టన్ గ్రంథంలోకి ఎక్కింది. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్‌లో తెలుగు ఇంట పుట్టిన కి. రాజనారాయణన్ 1976లో ‘గోపల్ల గ్రామం’ నవలలో ఇటువంటి కథనే నూరేళ్లు దాటిన ముసలమ్మ నోట చెప్పించారు. దాని కొనసాగింపు ‘గోపల్లపురత్తు మక్కళ్’కు 1991లో సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. బడిచదువు పెద్దగా లేని ఆయనను పుదుచ్చేరి విశ్వవిద్యాలయం జానపద పరిశోధనకు పిలిచి గౌరవించింది. 2021లో ఆయన కన్నుమూశారు.

నవలగా ‘గోపల్ల గ్రామం’ బలం, కథ చెప్పే గొంతును నమ్మడంలో ఉంది. రచయిత సంవత్సరం వేయడు, రాజు పేరు నిగ్గుతేల్చడు. అడవి కాల్చి, నేల సాగుచేసి, ఊరు కట్టుకొన్నవారి శ్రమను ముందుకు తెస్తాడు. ఆ సంయమనం వల్లనే అది మంచి నవల అయింది. దాన్ని చరిత్రగా చదివేటప్పుడు మాత్రం మనం రెండు సంగతులు గమనించాలి. మొదటిది, ఒకే కథ పలు కులాలలో వినబడుతున్నప్పుడు అది ఒక కుటుంబానికి జరిగిన సంఘటన అనడం కంటే, వలస వచ్చినవారు తమ రాకను చెప్పుకోవడానికి ఎన్నుకొన్న సామాన్య రూపం అనడం సబబు. చెట్టు వంగడం జరిగిందా అని అడిగితే ఏమీ రాదు. ఆ మాటను ఇన్ని తరాలు ఎందుకు నిలుపుకొన్నారని అడిగితే చాలా వస్తుంది. రెండవది, నవలలోని జ్ఞాపకం భూమి సంపాదించిన వ్యవసాయదారులది. అరుంధతీయుల తెలుగు ఇళ్ల జ్ఞాపకాన్ని విడిగా అడగాలి, విడిగా రాయాలి. ఒక ఇంటి కథను తెలుగువారందరి కథ అనడం ఆ ఇళ్ల నోరు నొక్కడమే అవుతుంది.

ఈ కథ కాలం ఏది? ఆధారాలు చూపేది విజయనగర, నాయక రాజుల కాలం. 1371 ప్రాంతంలో కుమార కంపన మధురను జయించాడు. ఆయన రాణి గంగాదేవి తన సంస్కృత కావ్యంలో మన తిక్కనను స్తుతించింది. 1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకునితో మధుర నాయకరాజ్యం మొదలైంది. పాళెపట్టుల ఏర్పాటు దానితో వచ్చింది. కృష్ణదేవరాయల కథ చెప్పే తెలుగు వచనం ‘రాయవాచకము’ 1600 ప్రాంతంలో మధుర ఆస్థానంలోనే పుట్టిందని, దాన్ని 1993లో ఇంగ్లీషులోకి తెచ్చిన ఫిలిప్ వాగనర్ వాదించారు. కాబట్టి కరిసల్ సీమ తెలుగువారి చరిత్ర శూన్యం కాదు, శాతవాహనుల నాటిదీ కాదు. ప్రాచీన చరిత్ర పేపరు ముగిసిన తరువాత ఎన్నో వందల ఏళ్లకు మొదలవుతుంది. ఈ ఒక్క వాక్యం మొదటి ఏడాదే చెబితే విద్యార్థి దిగులూ తగ్గుతుంది, పొగరూ తగ్గుతుంది.

‘తొలిపాఠంలో ఇంత చెప్పడానికి వ్యవధి ఎక్కడిది? ప్రాచీన చరిత్ర పల్లవులతో ఆగిపోతుంటే నాయకుల కాలపు కథకు అందులో చోటేమిటి?’ అని అధ్యాపకులు అడగవచ్చు. అడగడం న్యాయమే. ఇంటి కథను పాఠ్యాంశం చేయమని మేము కోరడం లేదు. ప్రాచీనం ఎక్కడ ముగుస్తుందో విద్యార్థికి తెలియాలంటే, తన ఇంటి కథ ఆ గీతకు ఇవతలిదని తెలియాలి. ఎల్లను చూపడం పాఠంలో భాగమే. కోవిల్‌పట్టికి దగ్గరలోని కళుగుమలైకి ఒక పూట తీసుకుపోయినా ఈ సంగతి బోధపడుతుంది. కొండమీద 8వ శతాబ్ది పాండ్యుల ఏకశిలాలయం వెట్టువాన్ కోవెల, జైన శిల్పాలు, వాటి కింద వట్టెళుత్తు అక్షరాలలో గురువుల, శిష్యుల, చేయించినవారి పేర్లు. కొండ కింద ఊళ్లో ఎట్టయపురం జమీవారి జాడలు. ఆ జైన గురువులకు, ఈ తెలుగు జమీకి చుట్టరికం లేదు. అయినా రెండూ ఒక్క ఊరివే.

మా అభిప్రాయంలో ఈ పాఠం ఇవ్వగల పెద్ద మేలు అదే. ఉన్న ఊరి చరిత్ర ఒకటి, మాట్లాడే భాష చరిత్ర మరొకటి. అవి ఒకే దారిన నడవలేదు. కోవిల్‌పట్టి తెలుగు విద్యార్థికి ఆదిచ్చనల్లూరు పరాయిది కాదు, ఎందుకంటే ఆ నేల నీరు తాగి పెరుగుతున్నది తానే. భట్టిప్రోలు పరాయిది కాదు, ఎందుకంటే తన నోటి భాష ఆ దిక్కునుంచి వచ్చింది. దేనికీ రక్తసంబంధం రుజువు చేయనక్కరలేదు. తిరునెల్వేలి సీమ కల్లిడైకురిచ్చిలో తెలుగు కుటుంబంలో పుట్టిన నీలకంఠశాస్త్రిగారు పాండ్యుల మీద, చోళుల మీద ప్రామాణిక గ్రంథాలు రాశారు. 1955లో దక్షిణభారత చరిత్ర వెలువరించారు. ఆయనకు చోళులు తనవారా కారా అన్న ప్రశ్న అడ్డు రాలేదు. ఎదుట ఉన్నది శాసనం. చదవడం ఆయన పని. కథలు, సామెతలు, కావ్యాలను ఆధారాలుగా ఎలా వాడుకోవాలో 1949లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాసిన సురవరం ప్రతాపరెడ్డిగారు చూపారు. ఈ రెండు తీరులూ మన విద్యార్థులకు కావాలి.

అందుకు తెలుగు అక్షరం కావాలి. 2006లో తమిళనాడులో తమిళాభ్యసన చట్టం వచ్చిన తరువాత బడులలో తెలుగు మొదటి భాషగా చదివే వీలు కుదించుకుపోయింది. న్యాయస్థానాల మినహాయింపులతో కొంత కాలం గడిచింది. తమిళం నేర్వడం ఈ నేలమీద అందరికీ అవసరమే, అందులో వాదం లేదు. కాని అక్షరం రాని విద్యార్థికి సురవరంవారి పుస్తకం మూసి ఉన్న తలుపే. తన అవ్వ చెప్పిన కథను చెప్పిన భాషలో రాసుకొనే వీలూ లేదు. కి. రాజనారాయణన్ ఆ కథను తమిళంలో నిలిపారు. అది తమిళ సాహిత్యానికి దక్కిన భాగ్యం. తెలుగులో నిలపడం ఎవరి పని?

కనుక చరిత్ర తీసుకొన్న ఈ ప్రాంతపు విద్యార్థులకు మా సూచన చిన్నది. మొదటి ఏడాదిలో ఒక శాసనం పూర్తిగా చదవండి. ఎర్రగుడి అయినా, పాండ్యసీమ గుహశాసనం అయినా సరే. తవ్వకం జరిగిన ఒక చోటు కళ్లారా చూడండి. ఇంట్లో పెద్దవారు చెప్పే ఒక కథను వారి మాటలలోనే, మార్చకుండా, తెలుగు అక్షరాలలో రాసుకోండి. ఎవరు, ఏ ఊళ్లో, ఏ సంవత్సరం చెప్పారో కింద నమోదు చేయండి. కథ చెప్పినవారి వయస్సు కూడ రాయండి. ఆ తరం ఎంతోకాలం ఉండదు. అటువంటి రాతలకు ఈ పుటలలో చోటు ఉండాలని మా కోరిక.